ప్రయాణం ఆగినప్పుడు తెలిసే అనుగ్రహం

అరబీ భాషలో ప్రయాణాన్ని 'సఫర్' అంటారు. ఆ పదం మూలంలో ముసుగు తొలగటం, దాగి ఉన్నది వెల్లడి కావటం అనే అర్థం ఉంది. మనుషుల అసలు స్వభావాలను బయటపెడుతుంది కనుకనే ప్రయాణానికి ఆ పేరు వచ్చిందని పండితులు వివరించారు. ఒక మనిషి మంచివాడని ఎవరో సాక్ష్యం చెప్పబోతే హజ్రత్ ఉమర్ (రజి) ఆయన్ను కొన్ని ప్రశ్నలు అడిగారని ఉల్లేఖనాలలో ఉంది. నీవు అతనితో కలిసి ప్రయాణం చేశావా అన్నది వాటిలో ఒకటి. మస్జిదులో పక్కన నిలబడి నమాజు చేసినంత మాత్రాన ఒక మనిషిని తెలుసుకున్నట్లు కాదని ఆయన ఉద్దేశం.

ప్రయాణం ఇతరుల స్వభావాన్ని మనకు చూపిస్తుంది. అంతకన్నా ముందు మన స్వభావాన్ని మనకే చూపిస్తుంది. ముఖ్యంగా అనుకున్న ప్రయాణం మధ్యలో ఆగిపోయినప్పుడు, బండి రానప్పుడు, విమానం లేవనప్పుడు, వాగు పొంగి దారి మూసుకుపోయినప్పుడు ఇంటి దగ్గరి మామూలు దినచర్య ఎంత హాయిగా ఉండేదో ఒక్కసారిగా గుర్తుకొస్తుంది. ఇక్కడ ఆలోచించవలసిన ప్రశ్న ఒకటుంది. ఈ హాయి మీద మనకున్న మమకారం అల్లాహ్ అనుగ్రహాన్ని గుర్తించటమా, లేక ప్రాపంచిక సుఖానికి దాస్యమా? ఇంకొంచెం లోతుకు వెళితే, ఇంటి దగ్గర మనం చేస్తున్న ఆరాధన నిజంగా ఆరాధనేనా, లేక అది కూడా ఒక అలవాటేనా?

మన ప్రాంతానికి బాగా తెలిసిన సంగతి

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ప్రజలకు ప్రయాణం కొత్త కాదు. ఈ పట్టణాలలో, వీటి చుట్టుపక్కల పల్లెలలో గల్ఫ్ దేశాలకు వెళ్ళినవారు లేని వాడ దొరకటం కష్టం. సిరిసిల్ల నేత పనివారు బతుకుతెరువు కోసం భీవండికి, ముంబయికి వలస వెళ్ళిన చరిత్ర తరాల నాటిది. కనుక ఇక్కడి ఇళ్ళలో ప్రయాణం ఆగిపోవటం అంటే కాలక్షేపానికి చెప్పుకునే కబురు కాదు. దానికి జీతం, వీసా గడువు, పెళ్ళి ముహూర్తం, తల్లిదండ్రుల చివరి చూపు ముడిపడి ఉంటాయి.

ఇటీవలి సంవత్సరాలనే గుర్తు చేసుకోండి. 2019 అక్టోబరు 5న మొదలైన ఆర్టీసీ కార్మికుల సమ్మె 52 రోజులు సాగింది. రోజూ బస్సెక్కి కాలేజీకి, ఆస్పత్రికి, దుకాణానికి వెళ్ళేవారు ఆ రోజుల్లో బస్టాండులో గంటలు గంటలు నిలబడ్డారు. 2020 ఫిబ్రవరి 27న సౌదీ ప్రభుత్వం ఉమ్రా యాత్రికుల రాకను నిలిపివేసింది. మార్చి నెలలో మన దేశంలో రైళ్ళు, విమానాలు అన్నీ ఆగిపోయాయి. ఆ ఏడాది రమజాను నెల మస్జిదుల తలుపులు మూసి ఉండగానే గడిచింది. 2020, 2021 సంవత్సరాలలో మన దేశం నుంచి ఎవరూ హజ్‌కు వెళ్ళలేకపోయారు. 2021 సెప్టెంబరులో సిరిసిల్ల వీధుల్లోకి వరద నీరు చేరింది. 2024 ఏప్రిల్ 16న దుబాయిలో 75 ఏళ్ళలో ఎన్నడూ లేనంత వాన కురిసి విమానాశ్రయం స్తంభించింది. 2025 జూన్ 23 రాత్రి యుద్ధం కారణంగా ఖతర్, మరికొన్ని గల్ఫ్ దేశాలు కొన్ని గంటలపాటు తమ గగనతలాన్ని మూసివేశాయి. అదే ఏడాది ఆగస్టు చివరలో నర్మాల వద్ద ఎగువ మానేరు వరదలో చిక్కుకున్నవారిని హెలికాప్టర్లతో బయటికి తీసుకురావలసి వచ్చింది.

ఇలాంటి ప్రతి సందర్భంలోనూ ఒక వింత కనిపిస్తుంది. చిక్కుకున్న మనిషి బంగళాలు, కార్లు తలచుకోడు. తన మంచం, తన చాయ్ కప్పు, పొద్దున్నే వాకిట్లో విప్పే కుళాయి నీళ్ళు, తమ వాడ మస్జిదు నుంచి వినిపించే ఫజ్ర్ అజాన్, సాంచెల చప్పుడు, పిల్లవాడు మదరసాకు పోనని చేసే మారాం, వీటినే తలచుకుంటాడు. నిన్నటిదాకా వీటిని అతను లెక్కలోకి తీసుకోలేదు. నిన్నటిదాకా వీటికోసం అతను అల్లాహ్‌కు ఒక్కసారి కూడా కృతజ్ఞత చెప్పి ఉండడు.

అలవాటు కూడా ఒక అనుగ్రహమే

దివ్యఖుర్ఆన్‌లోని 106వ సూరా పేరు 'ఖురైష్'. నాలుగే ఆయత్‌ల ఈ చిన్న సూరాను మనలో చాలామంది పిల్లలప్పుడే కంఠస్థం చేసి ఉంటాము. అందులో అల్లాహ్ ఖురైషు తెగవారికి జ్ఞాపకం చేసిన అనుగ్రహం ఏమిటి? చలికాలంలోనూ ఎండాకాలంలోనూ వారు చేసే వర్తక ప్రయాణాలు వారికి అలవాటుగా, సురక్షితంగా, సాఫీగా సాగిపోవటం. ఆ అలవాటు వెనుక ఉన్న ప్రభువును గుర్తించి ఆయన్నే ఆరాధించాలని ఆ సూరా కోరుతుంది. ఆకలిలో అన్నం, భయంలో భద్రత ఇచ్చినవాడు ఆయనే అని చెబుతుంది.

ఎంత సూక్ష్మమైన విషయమో గమనించండి! ఆకాశం నుంచి దిగివచ్చిన అద్భుతమే అనుగ్రహమని మనం అనుకుంటాము. ఏ ఆటంకమూ లేకుండా ప్రతిరోజూ జరిగిపోయే పని అంతకన్నా తక్కువ అనుగ్రహం కాదని ఖుర్ఆన్ బోధిస్తోంది. అయితే రోజూ దొరికే వస్తువు కంటికి ఆనదు. అది ఆగినప్పుడే కనిపిస్తుంది. ప్రయాణం ఆగిన ఆ గంటలు మనకు నిజానికి కొత్త కష్టాన్ని మాత్రమే తేలేదు. పాత సుఖాన్ని కూడా చూపించి వెళ్ళాయి.

ఇంటి మీద బెంగపడటం విశ్వాసి స్థాయికి తగదని కొందరు భావిస్తారు. అది సరికాదు. మహాప్రవక్త (సఅసం) ప్రయాణాన్ని యాతనలో ఒక భాగంగా అభివర్ణించారు. అది మనిషికి అన్నపానీయాలను, నిద్రను దూరం చేస్తుందని, పని పూర్తికాగానే త్వరగా ఇంటివారి దగ్గరికి తిరిగి రావాలని ఉపదేశించారు. ఈ హదీసు బుఖారీ, ముస్లిం గ్రంథాలు రెండింటిలోనూ ఉంది. వేళకు తినటం, వేళకు పడుకోవటం, తనవారి మధ్య ఉండటం మానవ సహజమైన అవసరాలని మన ధర్మం అంగీకరించింది. వాటిని కోరుకున్నందుకు ఎవరినీ నిందించలేదు.

మన హాయి వెనుక ఎవరి చేతులున్నాయి?

ఆగిన ప్రయాణం మరో నిజాన్ని కూడా చెబుతుంది. ఇంట్లో మనకు అన్నీ వేళకు అమరుతాయి. అవి వాటంతట అవే అమరవు. తెల్లవారుజామున లేచి నీళ్ళు పట్టిన తల్లి, దస్తర్ఖాన్ పరిచిన భార్య, కుర్తా ఉతికి ఆరేసిన చెల్లెలు, తొలి బస్సు నడపటానికి చీకటితోనే డిపోకు వెళ్ళిన డ్రైవరు, వీరందరి శ్రమ కలిసి మన దినచర్య అవుతుంది. పురుషునికి విశ్రాంతిగా తోచే దినచర్య తరచూ అతని ఇంటి స్త్రీలకు విరామం లేని పని. లాక్‌డౌన్‌లో పరాయి దేశపు గదిలో చిక్కుకుపోయి, తన వంట తానే చేసుకుని, తన బట్టలు తానే ఉతుక్కున్న ఎందరో సోదరులు ఈ సంగతి అక్కడే గ్రహించి ఉంటారు.

దైవప్రవక్త (సఅసం) ఇంట్లో ఏం చేసేవారని అడిగితే హజ్రత్ ఆయిషా (రజి) ఇచ్చిన సమాధానం ప్రసిద్ధమైనది. ఆయన ఇంటివారి పనుల్లో తోడ్పడేవారని, నమాజు వేళ కాగానే నమాజుకు వెళ్ళేవారని ఆమె తెలిపారు. ఇతరుల శ్రమ మీద నిలిచిన సుఖాన్ని అనుభవిస్తూ ఆ శ్రమను గుర్తించనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞుడనని ఎలా చెప్పుకోగలడు? మనుషులకు కృతజ్ఞత చూపనివాడు అల్లాహ్‌కు కృతజ్ఞత చూపనట్లేనని కదా ప్రవక్త (సఅసం) హెచ్చరించారు!

ఆరాధనా? అలవాటా?

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాము. ఊళ్ళో ఉన్నప్పుడు ఐదు పూటలా మస్జిదుకు వెళ్ళే మనిషి ఒకడున్నాడనుకుందాము. అతను సికింద్రాబాదులో రైలెక్కాడు. బండి దారిలో ఏదో చిన్న స్టేషనులో ఆరు గంటలు నిలిచిపోయింది. వుజూకు నీళ్ళు సరిగా లేవు. నిలబడే చోటు లేదు. పక్కవారు ఏమనుకుంటారోనన్న మొహమాటం. జుహర్ పోయింది, అసర్ పోయింది, ఇంటికి చేరాక చూద్దాములే అనుకున్నాడు. మరి ఇన్నాళ్ళూ అతన్ని నమాజుకు నిలబెట్టింది అతని హృదయంలోని దైవభీతా, లేక మస్జిదు మైకూ, పక్కింటివారి పిలుపూనా?

ఈ ప్రశ్నకు తొందరపడి జవాబు చెప్పేవారు రెండు రకాలు. అలవాటుగా చేసే ఆరాధన ఉత్త కసరత్తు అంటారు ఒకరు. మనసు ఎక్కడున్నా పని జరిగితే చాలు అంటారు మరొకరు. ఇద్దరూ పొరబడ్డారు. అలవాటు అనేది పాత్ర వంటిది. అందులో సంకల్పం అనే నీరు ఉంటేనే దాహం తీరుతుంది. అయితే పాత్రే లేకపోతే నీరు నిలిచేదెక్కడ? కర్మలు సంకల్పాలపైనే ఆధారపడి ఉంటాయన్న హదీసు మనకు తెలుసు. కొద్దిపాటిదైనా నిరంతరం చేసే ఆచరణే అల్లాహ్‌కు అత్యంత ప్రియమైనదన్న హదీసు కూడా మనకు తెలుసు. మొదటిది నీటి గురించి చెబుతోంది. రెండోది పాత్ర గురించి.

షరీఅత్ ప్రయాణికునికిచ్చిన వెసులుబాటులను ఈ దృష్టితో చూడండి. నాలుగు రకాతుల ఫర్జ్ నమాజు రెండుకు తగ్గింది. ఫజ్ర్ రెండు, మగ్రిబ్ మూడు యథాతథంగా ఉన్నాయి. నీళ్ళు దొరకకపోతే తయమ్ముమ్ ఉంది. నిలబడలేకపోతే కూర్చుని చేయవచ్చు. రమజాను ఉపవాసాలను తర్వాత పూర్తి చేసుకోవచ్చు. రెండు నమాజులను కలిపి చేసే విషయంలో ఇమాముల మధ్య అభిప్రాయ భేదం ఉంది. హనఫీ మస్లక్ ప్రకారం హజ్ సమయంలో అరఫాత్, ముజ్దలిఫాలలో తప్ప ఆ అనుమతి లేదు. ఇతర ఇమాములు ప్రయాణంలో అనుమతించారు. ఎవరి మస్లక్ ఏదైనా అందరూ ఏకీభవించిన అంశం ఒకటుంది. ప్రయాణం నమాజును తగ్గించిందే కానీ రద్దు చేయలేదు. దైవప్రవక్త (సఅసం) ప్రయాణంలో నఫిల్ నమాజులను వాహనం మీదనే, అది ఎటు సాగితే అటే ముఖం పెట్టి చేసేవారు. ఫజ్ర్‌కు ముందరి రెండు రకాతుల సున్నత్‌ను, విత్ర్‌ను ప్రయాణంలో కూడా వదిలేవారు కారు. దినచర్య చెదిరినప్పుడు దాన్ని పూర్తిగా పారేయకుండా దాని వెన్నెముకను కాపాడుకోవాలన్నదే ఇందులోని బోధ.

తయమ్ముమ్ ఆదేశం ఎలా అవతరించిందో గుర్తు చేసుకోండి. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి) మెడలోని హారం తెగిపోయింది. దాన్ని వెతకటం కోసం ప్రవక్త (సఅసం) ఆగారు. ఆయనతో పాటు అందరూ ఆగిపోయారు. అక్కడ నీళ్ళు లేవు, వారి వెంట కూడా నీళ్ళు లేవు. కొందరు హజ్రత్ అబూబకర్ (రజి) దగ్గరికి వెళ్ళి మీ అమ్మాయి చేసిన పని చూశారా అని మొరపెట్టుకున్నారు. ఆయన కూతురిని మందలించారు. తెల్లవారింది, నీళ్ళు లేవు. అప్పుడే తయమ్ముమ్ ఆయత్ అవతరించింది. హజ్రత్ ఉసైద్ బిన్ హుజైర్ (రజి) సంతోషంతో, అబూబకర్ కుటుంబం ద్వారా లభించిన శుభాలలో ఇది మొదటిది కాదన్నారు. ఆ తర్వాత ఒంటెను లేపితే హారం దాని కిందే ఉంది! ఆ రాత్రి ఆగిపోయినవారికి అది వృథా అయిన రాత్రిగా తోచి ఉంటుంది. అదే రాత్రి వారి తర్వాత వచ్చిన కోట్లాది ముస్లింలకు, రోగులకు, బాటసారులకు ఒక తలుపు తెరిచింది.

జమ అయ్యే పుణ్యం

బుఖారీలో హజ్రత్ అబూ మూసా (రజి) ఉల్లేఖించిన ఒక హదీసు ఈ విషయంలో గొప్ప శుభవార్త. దైవదాసుడు వ్యాధిగ్రస్తుడైనా, ప్రయాణంలో ఉన్నా, అతను ఇంటి దగ్గర ఆరోగ్యంగా ఉన్నప్పుడు చేస్తూ వచ్చిన సత్కార్యాల పుణ్యం అతని పేరున రాయబడుతూనే ఉంటుంది. అంటే మంచి దినచర్య ఒక పొదుపు వంటిది. మనం కూడబెట్టుకోలేని రోజుల్లో కూడా అది మన ఖాతాలో జమ అవుతూ ఉంటుంది.

అయితే ఈ శుభవార్తలో ఒక హెచ్చరిక దాగి ఉంది. ఇంటి దగ్గర ఉన్నప్పుడు ఏ దినచర్యా లేనివాని పేరున ఏమని రాయబడుతుంది? రోజూ నాలుగు ఆయత్‌లు చదివేవాడు విమానాశ్రయంలో చిక్కుకున్నా అవి అతనికి ఉన్నాయి. ఏమీ చదవనివాడు ఎక్కడ చిక్కుకున్నా అతని చేయి ఖాళీయే. కనుక దారి సాఫీగా ఉన్న రోజులను నిర్లక్ష్యం చేయకూడదు. దారి మూసుకుపోయే రోజుకు సామాను సర్దుకోవలసింది ఆ రోజుల్లోనే.

దినచర్యకు దాసులం కాకూడదు

మరో వైపు కూడా చూడాలి. చాయ్ పది నిమిషాలు ఆలస్యమైతే ఇల్లు పీకి పందిరి వేసేవారు, బస్సు రాకపోతే కండక్టరును దూషించేవారు మనలో లేకపోలేదు. వారికి దినచర్య అనుగ్రహంగా ఉండటం మాని యజమాని అయింది. మన ప్రణాళిక మీద మనకు ఎంత నమ్మకమంటే, అది తప్పినప్పుడు మనకు ఏదో అన్యాయం జరిగినట్లు భావిస్తాము. రేపు ఈ పని చేస్తానని చెప్పేటప్పుడు అల్లాహ్ తలిస్తే అన్న మాట చేర్చమని సూరా కహఫ్‌లో ఆదేశం ఉంది. మనం 'ఇన్షా అల్లాహ్' అంటూనే ఉన్నాము. కానీ అల్లాహ్ మరో విధంగా తలచినప్పుడు ఆ మాటకు అర్థం మరచిపోతున్నాము.

హిజ్రీ 6వ సంవత్సరంలో సుమారు 1400 మంది సహాబాలు ఉమ్రా కోసం ఇహ్రామ్ ధరించి మక్కాకు బయలుదేరారు. హుదైబియా వద్ద ఖురైషులు అడ్డగించారు. కాబా అంత దగ్గరలో ఉండగా వెనుదిరగవలసి వచ్చింది. దుఃఖంతో వారు ఎంతగా కుంగిపోయారంటే, ఖుర్బానీ చేసి తలవెంట్రుకలు తీయించుకోమని ప్రవక్త (సఅసం) చెప్పినా వెంటనే ఎవరూ లేవలేదు. అప్పుడు హజ్రత్ ఉమ్మె సలమా (రజి) ఒక సలహా ఇచ్చారు. ఎవరితోనూ మాట్లాడకుండా మీరే ముందు ఖుర్బానీ చేయండి, తల గొరిగించుకోండి అన్నారు. ఆయన అలాగే చేశారు. అందరూ అనుసరించారు. ఆగిపోయిన ఆ ప్రయాణాన్నే ఖుర్ఆన్ స్పష్టమైన విజయంగా పేర్కొన్నది. మన ప్రయాణాలను ఆ మహనీయుల ప్రయాణంతో పోల్చటం లేదు. అడ్డంకి ఎదురైన చోటే అల్లాహ్ సహాయం కూడా మొదలు కావచ్చునని మాత్రం నేర్చుకుందాము.

సహనం ఒకరికి, న్యాయం మరొకరికి

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. రెండేళ్ళకొకసారి మాత్రమే ఇల్లు చూసే గల్ఫ్ కార్మికుని దినచర్య ఏ ఒక్క రోజో చెదరలేదు, అతని జీవితమంతా చెదిరే ఉంది. అతనికి సహనం బోధించటం న్యాయమా? ఈ ప్రశ్న సమంజసమైనదే. సహనం చిక్కుకున్నవాని కర్తవ్యం. చిక్కుల్లో పెట్టినవానికి ధర్మం విధించింది న్యాయం. హజ్రత్ ఉమర్ (రజి) ఒక రాత్రి మదీనా వీధుల్లో తిరుగుతూ, సైన్యంలో ఉన్న భర్త ఎడబాటుకు ఒక స్త్రీ పడుతున్న వేదన విన్నారని, ఆ తర్వాత కొన్ని నెలలకు మించి సైనికులను ఇంటికి దూరంగా ఉంచకూడదని ఆజ్ఞాపించారని ఉల్లేఖించబడింది. ఆ ఖలీఫా ఆమెకు సహనం గురించి ప్రసంగం చేయలేదు. తన ఉత్తర్వును మార్చారు. జీతం ఆపి, పాస్‌పోర్టు పట్టుకుని, సెలవు ఇవ్వకుండా కార్మికుణ్ణి నిలిపేసే యజమాని ఈ సంఘటనను గుర్తుంచుకోవాలి. మోసపు వీసాలు అమ్మే దళారీ గుర్తుంచుకోవాలి.

మనం కూడా గుర్తుంచుకోవలసింది ఉంది. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. తన ఊళ్ళో ఎంత కలిగినవాడైనా దారిలో చేయి ఖాళీ అయితే అతనికి హక్కు ఉంది. జగిత్యాల బస్టాండులో రాత్రంతా కూర్చున్న కుటుంబం, లింగంపేట స్టేషనులో బండి తప్పిన ముసలమ్మ, వరదకు తెగిన రోడ్డు దగ్గర నిలిచిన లారీ డ్రైవరు, వారి మతం ఏదైనా, మన తలుపు తట్టకముందే మనం వెళ్ళి అడగవలసినవారు. మన దినచర్య సాఫీగా సాగుతున్న రోజున, అది చెదిరినవాని కోసం ఒక గంట వెచ్చించటమే ఆ అనుగ్రహానికి నిజమైన కృతజ్ఞత.

కొన్ని సూచనలు

ప్రయాణానికి ముందే ఖస్ర్, తయమ్ముమ్ నియమాలను మన ఊరి ఆలిమ్‌ల దగ్గర తెలుసుకోవాలి. సామానుతో పాటు చిన్న జానమాజ్, నీళ్ళ సీసా ఉంచుకోవాలి. ముగ్గురు కలిసి ప్రయాణిస్తే ఒకరిని నాయకునిగా ఎన్నుకోవాలన్నది ప్రవక్త (సఅసం) ఉపదేశం. చిక్కుల్లో పడినప్పుడు వాదులాటలు తప్పాలంటే ఇది ఎంతో అవసరం. ప్రయాణికుని దుఆ స్వీకరించబడుతుందని శుభవార్త ఉంది కనుక, ఆగిపోయిన గంటలను ఫిర్యాదులకు బదులు దుఆలకు వినియోగించాలి. తిరిగి వచ్చాక ప్రవక్త (సఅసం) ముందుగా మస్జిదుకు వెళ్ళి రెండు రకాతులు నమాజు చేసేవారు. మనం కూడా ఆ సున్నత్‌ను పాటించి, చెదిరిన దినచర్యను అల్లాహ్ స్మరణతో తిరిగి ప్రారంభించాలి. ఇంటివారు పెట్టిన తొలి ముద్ద తింటూ వారికి ఒక మంచి మాట చెప్పాలి.

సోదర సోదరీమణులారా! ఈ లోకంలో పరదేశిలా, బాటసారిలా ఉండమని మహాప్రవక్త (సఅసం) హజ్రత్ ఇబ్నె ఉమర్ (రజి) భుజం పట్టుకుని హితబోధ చేశారు. మన ఇల్లు, మన మంచం, మన వాడ కూడా ఒక మజిలీయే. బస్సులు ఆగుతాయి, విమానాలు రద్దవుతాయి. ఒక్క ప్రయాణం మాత్రం ఎవరి కోసమూ వాయిదా పడదు. ప్రతి దాసుడూ తాను ఏ స్థితిలో మరణించాడో అదే స్థితిలో లేపబడతాడని హదీసులో ఉంది. ఆ చివరి పిలుపు మనల్ని ఏ అలవాటులో ఉండగా చేరుతుందన్నదే మన ముందున్న ప్రశ్న.

అల్లాహ్ మనకు ప్రసాదించిన మామూలు రోజుల విలువను ఆయన గుర్తించేలా చేయుగాక! దూర దేశాలలో ఉన్న మన వారిని క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక! మన అలవాట్లను ఆరాధనలుగా మలచుగాక! ఆమీన్.